అమెరికా పన్ను లెక్కలో మీరు రెసిడెంటా, నాన్‌రెసిడెంటా? వరుసగా తేల్చుకునే పద్ధతి

డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపే కాగితం) చేతికి రాగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "1040 వెయ్యాలా, 1040-ఎన్‌ఆర్ వెయ్యాలా?" 1040 రెసిడెంట్ల రిటర్న్ ఫారం, 1040-ఎన్‌ఆర్ నాన్‌రెసిడెంట్లది. ఫారం ఏదన్నది చివర్లో తేలే సంగతి. ఆ ఏడాదికి పన్ను చట్టం మిమ్మల్ని రెసిడెంట్‌గా చూస్తుందా, నాన్‌రెసిడెంట్‌గా చూస్తుందా అన్నది ముందు తేలాలి. దానికి వీసా పేరు ఒక్కటీ చాలదు, అమెరికాలో ఎన్నాళ్లుగా ఉంటున్నారన్నది ఒక్కటీ చాలదు. రెండూ కలిపి ఒక వరుసలో చూడాలి. ఆ వరుస తప్పితే లెక్క ఎంత జాగ్రత్తగా చేసినా జవాబు తప్పుతుంది.

తేడా చిన్నది కాదు. రెసిడెంట్ అయితే ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాకు చెప్పాలి. హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దె, ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశాల్లో ఉండే భారతీయులు ఇండియాలో తెరిచేది) వడ్డీ కూడా అందులోకి వస్తాయి. నాన్‌రెసిడెంట్ అయితే ప్రధానంగా అమెరికాలో పుట్టిన ఆదాయానికే పన్ను.

ఇక్కడ చెప్పేదంతా ఫెడరల్ ఆదాయ పన్ను గురించే. రాష్ట్రాల రూల్స్ వేరు. ఇండియాలో మీ రెసిడెన్సీ సంగతి కూడా వేరు, అక్కడ ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్క. దాన్ని తెచ్చి దీంట్లో కలపకండి.

1. ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

☐ పాత, కొత్త పాస్‌పోర్టులు రెండూ
☐ సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ శాఖ) వెబ్‌సైట్ నుంచి తీసిన ఐ-94 (ప్రవేశ రికార్డు), ట్రావెల్ హిస్టరీ
☐ ఐ-20లు (విద్యార్థులవి) లేదా డీఎస్-2019లు (జే-1వారివి), మొదటి దాని నుంచి
☐ ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన ఐ-797 అప్రూవల్ నోటీసులు, ముఖ్యంగా స్టేటస్ మారిన తేదీ ఉన్నది
☐ విమాన టికెట్ల ఈమెయిళ్లు
☐ ఇంతకు ముందు వేసిన టాక్స్ రిటర్నులు, ఫారం 8843 (రోజులు లెక్కలోకి రావని చెప్పే ఫారం) కాపీలు

వీటితో ఒక పట్టిక తయారుచేయండి. ఒక్కో వరుసలో అమెరికాలో దిగిన తేదీ, వెళ్లిన తేదీ, ఆ సమయంలో ఉన్న స్టేటస్. మూడు గడులు చాలు. ఈ పట్టికకు అరగంట పడుతుంది, మిగతా పనంతా దీని మీదే నడుస్తుంది.

దిగిన రోజు, వెళ్లిన రోజు రెండూ పూర్తి రోజులే. రాత్రి 11 గంటలకు విమానం దిగినా ఆ రోజు లెక్కలోకి వస్తుంది.

ట్రావెల్ హిస్టరీని గుడ్డిగా నమ్మొద్దు. రోడ్డు మీద కెనడాకో మెక్సికోకో వెళ్లొచ్చిన ప్రయాణాలు కొన్నిసార్లు అందులో కనబడవు. ఇప్పుడు చాలా ఎయిర్‌పోర్టుల్లో పాస్‌పోర్టు మీద ముద్ర కూడా వేయడం లేదు. అలాంటప్పుడు బోర్డింగ్ పాసులు, హోటల్ బిల్లులే ఆధారం.

స్టేటస్ గడిలో రాయాల్సింది పాస్‌పోర్టులో ఉన్న స్టాంపు కాదు, ఆ రోజు మీరు నిజంగా ఉన్న స్టేటస్. పాస్‌పోర్టులో ఎఫ్-1 స్టాంపు ఇంకా బతికే ఉన్నా, అక్టోబర్ 1 నుంచి హెచ్-1బీలోకి మారి ఉంటే ఆ రోజు నుంచి హెచ్-1బీ అనే రాయాలి.

2. ప్రశ్నలు ఈ వరుసలోనే వేసుకోండి

1. ఆ ఏడాదిలో ఏ ఒక్క రోజైనా గ్రీన్ కార్డు ఉందా?
2. లేకపోతే, ఎఫ్, జే, ఎం, క్యూ (విద్యార్థి, ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం) స్టేటస్‌ల వల్ల లెక్కలోకి రాని రోజులు ఉన్నాయా?
3. మిగిలిన రోజులతో 183 రోజుల పరీక్ష దాటారా?
4. దాటితే, బయటపడే మినహాయింపు ఏమైనా ఉందా?
5. దాటకపోతే, రెసిడెంట్‌గా ఉండే ఎంపిక ఏదైనా మీకు పనికొస్తుందా?

చాలామంది రెండో ప్రశ్న వదిలేసి నేరుగా మూడోదానికి వెళ్తారు. ఎమ్మెస్‌కి వచ్చిన విద్యార్థి ఏడాదంతా ఇక్కడే ఉన్నాడు, 365 రోజులు, 183 దాటింది, కాబట్టి రెసిడెంట్ అనుకుని 1040 వేసేస్తాడు. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి.

3. గ్రీన్ కార్డు పరీక్ష

ఇది సులువు. పర్మనెంట్ రెసిడెంట్‌గా అమెరికాలో ఉన్న మొదటి రోజు నుంచి మీరు రెసిడెంట్. రోజులు లెక్కపెట్టే పని లేదు. అదే ఏడాది 183 రోజుల పరీక్ష కూడా దాటి ఉంటే, రెండింట్లో ముందొచ్చే తేదీ నుంచి మొదలు.

చిక్కంతా వదిలేసేటప్పుడే. కార్డు గడువు అయిపోయినంత మాత్రాన, ఇండియా వెళ్లి రెండేళ్లు ఉండిపోయినంత మాత్రాన పన్ను బాధ్యత పోదు. ఐ-407 ఇచ్చి వదులుకోవాలి, లేదా ప్రభుత్వమో కోర్టో రద్దు చేయాలి. డ్రాయర్‌లో పడి ఉన్న పాత కార్డు కూడా ఏటా రిటర్న్ అడుగుతూనే ఉంటుంది.

4. ఎఫ్-1, జే-1: ఐదేళ్ల లెక్క

ఎఫ్, జే, ఎం, క్యూ స్టేటస్‌లో ఉన్న విద్యార్థికి ఐదు క్యాలెండర్ ఏళ్ల పాటు రోజులు లెక్కలోకి రావు, వీసా షరతులు పాటిస్తున్నంత కాలం. ఓపీటీ (చదువుకు సంబంధించిన ఉద్యోగానికి ఇచ్చే అనుమతి), స్టెమ్ ఓపీటీ (సైన్స్, ఇంజినీరింగ్ లాంటి చదువులవారికి దాని పొడిగింపు) కూడా ఎఫ్-1లో భాగమే. ఉద్యోగం మొదలైంది కదా అని ఈ వెసులుబాటు పోదు. ఎఫ్-2, జే-2లో ఉన్న కుటుంబ సభ్యులకూ వర్తిస్తుంది.

అసలు మెలిక "క్యాలెండర్ ఏళ్లు" అన్నదాంట్లో ఉంది. 60 నెలలు కాదు. ఏడాదిలో ఒక్క రోజు ఉన్నా ఆ ఏడాది ఖర్చైపోయినట్టే.

ఇద్దరు విద్యార్థులను చూడండి. ఒకరు 2021 డిసెంబర్ 28న దిగారు. ఇంకొకరు 2022 జనవరి 3న. మధ్యలో ఆరు రోజులే తేడా.

- మొదటివారికి 2021, 2022, 2023, 2024, 2025 ఐదేళ్లు అయిపోయాయి. 2026 జనవరి 1 నుంచి రోజులు లెక్కలోకి వస్తాయి.
- రెండోవారికి 2022 నుంచి 2026 దాకా. 2027 జనవరి 1 నుంచి లెక్క మొదలు.

మొదటివారు 2021లో ఉన్నది నాలుగే రోజులు. అయినా ఆ నాలుగు రోజులకే ఒక ఏడాది పోయింది. ఇది అన్యాయంగా అనిపిస్తుంది కానీ రూల్ అదే.

ఐదేళ్లు అనేది జీవితకాలపు లెక్క. బీటెక్ తర్వాత ఎమ్మెస్‌కి వచ్చి మూడు క్యాలెండర్ ఏళ్లు ఎఫ్-1లో ఉండి, ఇండియా వెళ్లి, మళ్లీ పీహెచ్‌డీకి వస్తే మిగిలింది రెండేళ్లే. కొత్త ఐ-20 వచ్చిందని మీటర్ సున్నా అవదు.

జే-1లో పరిశోధకులు, అధ్యాపకులు, ట్రైనీలుగా వచ్చినవారికి ఐదేళ్లు కాదు. మామూలుగా, వెనకటి ఆరు క్యాలెండర్ ఏళ్లలో రెండేళ్లు ఈ మినహాయింపు వాడుకుని ఉంటే ఈ ఏడాదికి లేదు. పోస్ట్‌డాక్‌గా 2024 సెప్టెంబర్‌లో వచ్చినవారికి 2024, 2025 అయిపోయాయి. 2026 నుంచి రోజులు లెక్కే. యూనివర్సిటీలో పక్క సీట్లో కూర్చున్న ఎఫ్-1 విద్యార్థిని చూసి "నాకూ ఐదేళ్లు" అనుకోకండి.

ఈ మినహాయింపు వాడుకునే ప్రతి ఏడాదీ ఫారం 8843 పంపాలి. ఆదాయం ఒక్క డాలర్ కూడా లేకపోయినా సరే. ఎఫ్-2లో ఉన్న భార్యకో భర్తకో, పిల్లలకో ఎవరిది వారికే విడి ఫారం. రిటర్న్ వేసేవాళ్లు దానితో జత చేస్తే చాలు. రిటర్న్ అవసరం లేనివాళ్లు జూన్ 15లోగా పోస్టులో ఆస్టిన్‌లోని ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) సెంటర్‌కు పంపాలి.

5. 183 రోజుల పరీక్ష

రెండు షరతులూ దాటాలి.

- ఈ ఏడాది కనీసం 31 రోజులు అమెరికాలో ఉండాలి.
- ఈ ఏడాది రోజులు మొత్తం + గత ఏడాది రోజుల్లో మూడో వంతు + అంతకు ముందు ఏడాది రోజుల్లో ఆరో వంతు కలిపి 183 లేదా ఎక్కువ రావాలి.

ఇందులో పెట్టాల్సింది లెక్కలోకి వచ్చే రోజులు మాత్రమే. నాలుగో అడుగులో తీసేసిన ఎఫ్-1, జే-1 రోజులను గత ఏళ్ల గడుల్లో కూడా సున్నాగానే వేయాలి.

కంపెనీ పని మీద ఎల్-1లో వచ్చి పోతుండే ఒక ఇంజినీరు లెక్క ఇది:

- 2025: 130 రోజులు → 130
- 2024: 120 రోజులు → 40
- 2023: 90 రోజులు → 15
- మొత్తం 185

ఏ ఏడాదీ సగం కాలం కూడా ఇక్కడ లేరు. అయినా 2025కి పరీక్ష దాటేశారు. 2025లో మూడు రోజులు ముందు వెళ్లిపోయి ఉంటే 127 + 40 + 15 = 182. అప్పుడు దాటేవారు కాదు. రిటర్న్ టికెట్ బుక్ చేసే ముందే ఈ లెక్క వేయాలని చెప్పేది ఇందుకే.

లెక్కలోంచి తీసేయదగ్గ రోజులు ఇంకొన్ని ఉన్నాయి:

☐ ఒక విదేశం నుంచి ఇంకో విదేశానికి వెళ్తూ 24 గంటల లోపు మధ్యలో ఆగినవి
☐ కెనడా, మెక్సికోల్లో ఉంటూ క్రమం తప్పకుండా ఉద్యోగానికి వచ్చి వెళ్లే రోజులు
☐ విదేశీ ఓడ సిబ్బందిగా ఉన్న రోజులు
☐ ఇక్కడున్నప్పుడు వచ్చిన జబ్బు వల్ల వెళ్లాలనుకున్న రోజున వెళ్లలేకపోయిన రోజులు

చివరిదానికి ఫారం 8843లో డాక్టర్ వివరాలు కావాలి. ఇండియాలో ఉన్నప్పటి నుంచే ఉన్న జబ్బుకు ఇక్కడికొచ్చి వైద్యం చేయించుకుంటే ఇది వర్తించదు.

6. హెచ్-1బీ మొదటి ఏడాది: మూడు రకాలు

హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎల్-2, ఓ-1 (ఉద్యోగులు, వారి కుటుంబ సభ్యులవి) స్టేటస్‌లలో మొదటి రోజు నుంచీ లెక్కే, మినహాయింపు లేదు. అయినా మొదటి ఏడాది ఫలితం అందరికీ ఒకేలా రాదు.

*ఇండియా నుంచి మే నెలలో నేరుగా వచ్చినవారు.* 2025 మే 10న దిగి ఏడాది చివరి దాకా ఉంటే 236 రోజులు. పరీక్ష దాటారు. కానీ రెసిడెన్సీ మే 10 నుంచే. జనవరి 1 నుంచి మే 9 దాకా నాన్‌రెసిడెంట్. దీన్నే డ్యూయల్ స్టేటస్ అంటారు. ఆ నాలుగు నెలల ఇండియా జీతం అమెరికా లెక్కలోకి రాదు. బదులుగా స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి నేరుగా తీసేసే నిర్ణీత మొత్తం) దొరకదు. రిటర్న్ 1040 మీద వేసి, నాన్‌రెసిడెంట్ కాలానికి 1040-ఎన్‌ఆర్‌ను స్టేట్‌మెంట్‌గా జత చేయాలి.

*సెప్టెంబర్ చివర్లో వచ్చినవారు.* సెప్టెంబర్ 20న దిగితే 103 రోజులు. దాటలేదు. ఆ ఏడాదికి నాన్‌రెసిడెంట్.

*ఎఫ్-1 నుంచి అక్టోబర్ 1న మారినవారు.* ఐదేళ్లు ఇంకా పూర్తికాకపోతే లెక్కలోకి వచ్చేవి అక్టోబర్, నవంబర్, డిసెంబర్ కలిపి 92 రోజులే. ఆ ఏడాది నాన్‌రెసిడెంట్. తర్వాతి ఏడాది జనవరి 1 నుంచి రెసిడెంట్. ఐదేళ్లు అప్పటికే దాటినవారు మాత్రం అక్టోబర్ 1తో పని లేకుండా ఆ జనవరి 1 నుంచే రెసిడెంట్.

రెండో, మూడో రకంవారికి ఒక ఎంపిక ఉంది, ఫస్ట్ ఇయర్ చాయిస్ అంటారు. గత ఏడాది రెసిడెంట్ అయి ఉండకూడదు. ఈ ఏడాది వరుసగా 31 రోజులు ఉండాలి. ఆ 31 రోజులు మొదలైన నాటి నుంచి ఏడాది చివరి దాకా కనీసం 75 శాతం రోజులు ఇక్కడే ఉండాలి. తర్వాతి ఏడాది 183 పరీక్ష దాటాలి. అప్పుడు ఆ మొదటి రోజు నుంచి రెసిడెంట్‌గా ఎంచుకోవచ్చు.

ఇక్కడ తేదీల ఇబ్బంది ఒకటుంది. తర్వాతి ఏడాది పరీక్ష నిజంగా దాటాకే ఈ ఎంపికతో రిటర్న్ వేయాలి. 2025 అక్టోబర్ 1న మారినవారికి 92లో మూడో వంతు దాదాపు 30.67. 2026లో 153 రోజులు ఉంటే 183 దాటుతుంది. ఎక్కడికీ వెళ్లకుండా ఉంటే అది జూన్ 2. రిటర్న్ గడువేమో ఏప్రిల్ 15. కాబట్టి ఫారం 4868తో అక్టోబర్ 15 దాకా గడువు తీసుకోవాలి. గడువు పెరిగేది ఫారానికే. కట్టాల్సిన పన్ను ఉంటే ఏప్రిల్ 15కే కట్టేయాలి.

పెళ్లికాని వారికి ఈ ఎంపిక వల్ల పెద్దగా కలిసొచ్చేది ఉండదని నా అభిప్రాయం. డ్యూయల్ స్టేటస్‌లో స్టాండర్డ్ డిడక్షన్ పోతుంది, లెక్క చిక్కుపడుతుంది. పెళ్లయినవారి సంగతి వేరు, అది ఎనిమిదో అడుగులో.

ఇల్లు చూసుకోడానికో ఇంటర్వ్యూకో ఫిబ్రవరిలో వారం రోజులు వచ్చిపోయి, జూలైలో మకాం మార్చినవారు కూడా ఉంటారు. అలాంటి చిన్న రాకలను, 10 రోజుల లోపైతే, రెసిడెన్సీ మొదలైన తేదీ తేల్చేటప్పుడు పక్కన పెట్టొచ్చు. అప్పటికి మీ ఇల్లూ ఉద్యోగం అన్నీ ఇండియాలోనే ఉండాలి, రిటర్న్‌తో ఒక స్టేట్‌మెంట్ ఇవ్వాలి. 183 లెక్కలో మాత్రం ఆ రోజులు ఉంటాయి.

7. అమ్మానాన్నల ఆరు నెలల రాకపోకలు

దీని గురించి ఎవరూ ముందుగా అడగరు. బీ-2 వీసా మీద వచ్చే తల్లిదండ్రులకు ఎయిర్‌పోర్టులో ఆరు నెలలు ఇస్తారు. ఉద్యోగం లేదు, ఆదాయం లేదు, టాక్స్‌తో మనకేం పని అనుకుంటారు. కానీ బీ-2 రోజులకు మినహాయింపు లేదు, అన్నీ లెక్కే.

మనవడు పుట్టాక ఏటా వస్తున్నారనుకోండి: 2023లో 180 రోజులు, 2024లో 180, 2025లో 170. లెక్క 170 + 60 + 30 = 260. 2025కి పరీక్ష దాటేశారు. ఏమీ చేయకపోతే నాన్నగారి పెన్షన్, ఊళ్లో పొలం కౌలు, బ్యాంకు ఎఫ్‌డీల వడ్డీ, అన్నీ అమెరికాకు చెప్పాల్సిన ఆదాయమే.

ఏటా ఒకేలా వచ్చేవారికి గుర్తుంచుకోవాల్సిన సంఖ్య 121. మూడేళ్లూ 121 రోజులు ఉంటే మొత్తం 181.5, దాటలేదు. 122 అయితే సరిగ్గా 183, దాటినట్టే.

దాటినా దారి ఉంది. క్లోజర్ కనెక్షన్ అనే మినహాయింపు, ఫారం 8840. షరతులు ఇవి:

☐ ఆ ఏడాది అమెరికాలో ఉన్నది 183 రోజుల కంటే తక్కువ
☐ ఏడాది పొడుగునా వారి టాక్స్ హోం (ప్రధానంగా పని చేసే చోటు, పని లేకపోతే నివాసం) ఇండియాలోనే ఉంది
☐ ఇల్లు, కుటుంబం, బ్యాంకు ఖాతాలు, ఓటు, డ్రైవింగ్ లైసెన్సు లాంటి బంధాలు ఇండియాతోనే ఎక్కువ
☐ గ్రీన్ కార్డు కోసం అడుగు వేయలేదు

నాలుగోదే చాలా ఇళ్లలో ఇబ్బంది పెడుతుంది. ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) ఒక్కటే కాదు, ఐఆర్‌ఎస్ చెప్పే అడుగుల జాబితాలో ఐ-130 (బంధువు కోసం వేసే పిటిషన్) కూడా ఉంది. సిటిజన్ అయిన కొడుకో కూతురో తల్లిదండ్రుల కోసం ఐ-130 వేసి ఉంటే, 8840 నింపే ముందు పన్ను నిపుణుడిని అడగాల్సిందే.

అమెరికా ఆదాయం లేనివారు 8840ని విడిగా జూన్ 15లోగా పంపాలి. తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి. ఒకే ఏడాదిలో 183 దాటితే ఈ ఫారం పనికిరాదు. అప్పుడు ఇండియా-అమెరికా పన్ను ఒప్పందంలోని టై-బ్రేకర్ నిబంధన (రెండు దేశాల్లోనూ రెసిడెంట్ అయితే ఏ దేశపు రెసిడెంటో తేల్చేది) చూడాలి. దాన్ని వాడుకోవాలంటే 1040-ఎన్‌ఆర్‌తో పాటు ఫారం 8833 వేయాలి.

8. పెళ్లయినవారికి ఉన్న ఎంపిక

ఏడాది చివరి రోజుకు ఒకరు రెసిడెంట్ లేదా సిటిజన్ అయి, ఇంకొకరు నాన్‌రెసిడెంట్ అయితే, ఇద్దరినీ ఏడాదంతా రెసిడెంట్లుగా చూడమని ఎంచుకుని జాయింట్‌గా వేయొచ్చు. ఏడాది మధ్యలో రెసిడెంట్ అయిన జంటకు కూడా ఇలాంటి దారే ఉంది. ఇద్దరూ సంతకం చేసిన స్టేట్‌మెంట్ జత చేయాలి. ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) లేని భార్యకో భర్తకో ఫారం డబ్ల్యూ-7తో ఐటిన్‌కు (బదులుగా ఇచ్చే పన్ను నంబరుకు) అప్లై చేయాలి.

లాభం ఒక్కటే చూసి ఆగిపోకండి. ఇద్దరి ప్రపంచ ఆదాయం, జనవరి 1 నుంచి, లెక్కలోకి వస్తుంది. జూలైలో హెచ్-4 మీద వచ్చిన భార్య జూన్ దాకా ఇండియాలో చేసిన ఉద్యోగం జీతం కూడా. అక్కడ కట్టిన పన్నుకు ఫారం 1116తో క్రెడిట్ తీసుకోవచ్చు. రెండు రకాలుగానూ లెక్క వేసి చూసి, అప్పుడే ఎంచుకోండి.

ఇద్దరూ ఎఫ్-1లో నాన్‌రెసిడెంట్లైతే ఈ దారి లేదు. ఎవరి 1040-ఎన్‌ఆర్ వారిదే.

9. తేలాక ఏం చేయాలి

నాన్‌రెసిడెంట్ అయితే:

☐ 1040-ఎన్‌ఆర్. జీతం ఉంటే ఏప్రిల్ 15 గడువు
☐ ఎఫ్, జే స్టేటస్ అయితే 8843 జత
☐ ఇండియా నుంచి వచ్చిన విద్యార్థి అయితే పన్ను ఒప్పందం 21(2) కింద స్టాండర్డ్ డిడక్షన్. 2025కి ఒంటరివారికి 15,750 డాలర్లు
☐ బ్యాంకుకు, బ్రోకరేజీకి డబ్ల్యూ-9 (రెసిడెంట్లు ఇచ్చేది) కాదు, డబ్ల్యూ-8బెన్ (నాన్‌రెసిడెంట్లు ఇచ్చేది)
☐ జీతంలో పన్ను కోత కోసం ఆఫీసులో ఇచ్చే డబ్ల్యూ-4 మీద నాన్‌రెసిడెంట్ ఏలియన్ అని రాయడం

మామూలు బ్యాంకు సేవింగ్స్ వడ్డీకి నాన్‌రెసిడెంట్‌కు పన్ను లేదు. షేర్ల లాభం దగ్గర మాత్రం జాగ్రత్త. ఏడాదిలో 183 రోజులు దేశంలో ఉన్న నాన్‌రెసిడెంట్ అమెరికా షేర్ల లాభంపై 30 శాతం కట్టాల్సి రావచ్చు. ఈ 183 వేరు, రెసిడెన్సీ పరీక్షలోని 183 వేరు. ఎఫ్-1 మినహాయింపు దీనికి పనిచేయదు. ఫోన్‌లో ట్రేడింగ్ యాప్ పెట్టుకున్న విద్యార్థులు ఇది తెలిశాక తల పట్టుకుంటారు.

రెసిడెంట్ అయితే:

☐ 1040, ప్రపంచ ఆదాయమంతా
☐ ఇండియాలోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక)
☐ ఒంటరివారికి విదేశీ ఆస్తులు ఏడాది చివర 50,000 డాలర్లు లేదా మధ్యలో ఎప్పుడైనా 75,000 దాటితే ఫారం 8938
☐ ఇండియా మ్యూచువల్ ఫండ్స్ ఉంటే ఫారం 8621 సంగతి కనుక్కోవడం

ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అమెరికాలో ఉంది. దీన్ని రిటర్న్‌లో చూపడం మరిచిపోయేవారే ఎక్కువ.

10. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

*విద్యార్థిగా ఉండి 1040 వేశారు.* చాలా టాక్స్ సాఫ్ట్‌వేర్లు నాన్‌రెసిడెంట్లను పట్టించుకోవు. కొన్ని అడగకుండానే 1040 నింపేస్తాయి. రిఫండ్ ఎక్కువ కనబడుతుంది, అందులో అర్హత లేని ఎడ్యుకేషన్ క్రెడిట్ కూడా ఉండొచ్చు. ఫారం 1040-ఎక్స్‌తో సరైన 1040-ఎన్‌ఆర్ జతచేసి దిద్దుకోవాలి, ఎక్కువొచ్చింది తిరిగి కట్టాలి. నోటీసు వచ్చేదాకా ఆగితే వడ్డీ పెరుగుతుంది. "స్నేహితుడు ఇలాగే వేశాడు, ఏమీ కాలేదు" అన్నది ఆధారం కాదు.

*ఓపీటీలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత.* నాన్‌రెసిడెంట్‌గా ఉన్న ఎఫ్-1 విద్యార్థి జీతంలో ఈ 7.65 శాతం కోయకూడదు. 80,000 డాలర్ల జీతానికి ఏడాదికి 6,120 డాలర్లు. ముందు కంపెనీ పేరోల్‌ను రాతపూర్వకంగా అడగండి. వాళ్లు ఇవ్వకపోతే ఫారం 843, దానితో 8316 ఐఆర్‌ఎస్‌కు పంపాలి.

*దీనికి తలకిందులు.* స్టెమ్ ఓపీటీలో ఆరో క్యాలెండర్ ఏడాది వచ్చింది, పేరోల్ ఇంకా కోయడం లేదు. ఆ ఏడాది మీరు రెసిడెంట్ అవుతుంటే జనవరి 1 నుంచి కోత ఉండాలి. మీరే వెళ్లి చెప్పండి, డిసెంబర్‌లో ఒకేసారి పట్టుకుంటే నెల జీతం కనబడదు.

*8843 ఎప్పుడూ పంపలేదు.* పోయిన ఒక్కో ఏడాదికి ఒక్కో ఫారం, ఆ ఏడాది వెర్షన్ మీద నింపి, ఎందుకు ఆలస్యమైందో చిన్న వివరణతో ఇప్పుడు పంపండి. అన్ని ఏళ్లనూ ఒకే ఫారంలో కుక్కకండి.

*ఫెడరల్ జవాబునే రాష్ట్రానికీ వాడేశారు.* టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయ పన్నే లేదు. కాలిఫోర్నియా పన్ను ఒప్పందాలను గుర్తించదు, రెసిడెన్సీని తన రూల్స్‌తోనే చూస్తుంది. ఏడాది మధ్యలో రాష్ట్రం మారితే రెండుచోట్లా చూడాలి.

*తిరిగి వెళ్లిపోయే ఏడాది.* ఇండియాకు శాశ్వతంగా వెళ్లినవారి రెసిడెన్సీ అమెరికాలో ఉన్న చివరి రోజుతో ముగియొచ్చు. ఆ తర్వాత ఏడాది చివరి దాకా టాక్స్ హోం, బంధాలు ఇండియాతోనే ఉన్నాయని చూపాలి. చూపకపోతే డిసెంబర్ 31 దాకా రెసిడెంటే, ఇండియాలో చేరిన కొత్త ఉద్యోగం జీతంతో సహా.

11. ఎప్పుడు నిపుణుడి దగ్గరికి వెళ్లాలి

నాలుగేళ్లలోపు ఎఫ్-1, ఒకే డబ్ల్యూ-2, పెళ్లి కాలేదు అంటే మీరే చేసుకోవచ్చు. డ్యూయల్ స్టేటస్, ఫస్ట్ ఇయర్ చాయిస్, 8840తో పాటు గ్రీన్ కార్డు పిటిషన్, టై-బ్రేకర్, ఇండియా మ్యూచువల్ ఫండ్స్ ఉంటే ఫీజు ఇచ్చి అడగడమే మేలు.

వెళ్లేటప్పుడు మొదటి అడుగులో తయారుచేసిన పట్టిక పట్టుకెళ్లండి. "1040-ఎన్‌ఆర్ ఏటా ఎన్ని వేస్తారు? డ్యూయల్ స్టేటస్ రిటర్నులు చేశారా?" అని ముందే అడగండి. మీ స్టేటస్‌లు, తేదీలు అడగకుండానే "మీకు జాయింట్‌గా వేసేద్దాం, రిఫండ్ బాగా వస్తుంది" అన్నవారి దగ్గర కాగితాలు వెనక్కి తీసుకుని ఇంకొకరిని చూసుకోండి. రిటర్న్ ఎవరు తయారుచేసినా కింద సంతకం మీది, నోటీసు వచ్చేది మీ చిరునామాకే.